కొండకు వెళ్లి వచ్చారా అమ్మా?

తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు. బస్‌స్టాండులో, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న సందుల్లో, రైల్వే స్టేషను ముందు టీ బంకుల దగ్గర, ఎటు చూసినా అప్పుడే గీయించుకున్న తలలు, వాటి మీద ఆరీ ఆరని గంధం పూత. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి దిగివచ్చిన ఇల్లాలిని ఎవరూ తేరిపార చూడరు. పలకరించినా అడిగేది ఒకటే: "కొండకు వెళ్లి వచ్చారా అమ్మా?"

మా పిన్నమ్మ ఆ ప్రశ్నకు కొన్ని నెలలపాటు "అవును, మొక్కు" అని జవాబు చెప్పింది. ఉండేది తిరుచానూరులో. కీమో మొదలైన మూడో వారంలో దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు రావడం మొదలైతే, పూర్తిగా ఊడేదాకా ఆగకుండా ఇంట్లోనే గీయించేసుకుని గంధం రాసుకుంది. వీధి వీధంతా నమ్మింది. నెలలు గడిచినా తల అలాగే ఉండడం చూసి పక్కింటావిడ ఒకసారి అనుమానంగా చూస్తే, "ఇంకో మొక్కు బాకీ ఉంది" అని సర్దేసింది. నేను న్యూజెర్సీ నుంచి ప్రతి ఆదివారం ఆమెతో వీడియో కాల్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. నాకూ మొక్కనే చెప్పింది. "ఈ వయసులో ఎందుకు పిన్నమ్మా ఈ మొక్కులు" అని నేను నవ్వాను కూడా.

ఆమెకు రొమ్ము క్యాన్సర్.

అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రికలో ఏటా అక్టోబరు సంచికకు గులాబి రంగు అట్ట వేస్తాం. లోపల ఒక డాక్టరుగారి వ్యాసం, "అవగాహన పెంచుకుందాం" అనే శీర్షిక. నాకు ఆ వ్యాసాలతో పేచీ లేదు. కానీ మా పిన్నమ్మకు అవగాహన లేక కాదు ఆలస్యమైంది. ఆమె పదో తరగతి పాసైంది, పేపరు చదువుతుంది, రొమ్ములో గడ్డ తగిలితే చూపించుకోవాలని ఆమెకు తెలుసు. సంక్రాంతి ముందు తలంటుకుంటున్నప్పుడు చేతికి శనగగింజంత తగిలింది. ఇంట్లో చెప్పింది శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం అయ్యాక. చెప్పింది అనడం కూడా తప్పే. జాకెట్టు వెనక హుక్కులు పెట్టబోయిన కోడలి కంట పడింది. అప్పటికి చర్మం లోపలికి లాగేసి, బత్తాయి తొక్కలా గుంటలు పడి ఉంది.

ఆ మధ్య ఏడు నెలలు ఏం చేశావని తరువాత అడిగాను. వేళ్లు మడిచి లెక్క చెప్పింది. మాఘంలో ఆడపడుచు కూతురి పెళ్లి. ఆ తరువాత బాబాయి కంటి ఆపరేషను. మే నెలలో గంగ జాతర, ఇంటినిండా చుట్టాలు. జాతర అయ్యీ కాకముందే చిత్తూరు దగ్గర తోటలో తోతాపురి మామిడి కోతలు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు వరుసలో రెండు రోజులు నిలబడితే, వెళ్లినవాళ్లకు క్యారియర్లు సర్దాలి. "నొప్పి ఉంటే వెళ్లేదాన్నే" అంది చివర్లో.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పుట్టదు. పంటి నొప్పి అయితే ఆ రాత్రే ఆసుపత్రికి పరిగెత్తే మనిషి, నొప్పి లేనందుకు దీన్ని వాయిదా వేస్తుంది. అలాగని తగిలిన ప్రతి గడ్డా క్యాన్సర్ అని బెదిరిపోనక్కరలేదు, ఎక్కువ గడ్డలు నీటి తిత్తులో, మామూలు కణుతులో అవుతాయి. ఏది ఏమిటో చేతితో తేలదు. స్కానింగు, రొమ్ముకు తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్, సూదితో చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ తేలుస్తాయి. ఆ సూది దగ్గరే మనవాళ్లకు ఇంకో భయం: "కెలికితే పాకుతుంది" అని. బయాప్సీ వల్ల జబ్బు ముదరదు. అంతకుముందు గడిచిన నెలల్లో ముదిరి ఉంటుంది, నింద సూది మీద పడుతుంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఉన్న ప్రాంతం కదా మాది, ప్రతి వాపుకూ ఎక్కడో ఒక పసరు ఉండే ఉంటుందన్న నమ్మకం కూడా బలంగానే ఉంది. ఎముకల సంగతి ఏమో గానీ, ఈ గడ్డకు పసరు పూసిన ప్రతి వారమూ నష్టమే.

ఇక మాట సంగతి. పిన్నమ్మ ఇప్పటికీ "అక్కడ" అంటుంది, "ఆ జబ్బు" అంటుంది. మా అవ్వ కాలంలో రాచపుండు అనేవారు, అదీ గొంతు తగ్గించి. తెలుగులో రొమ్ము అనేది సిగ్గుపడే మాటేమీ కాదు. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడితే పౌరుషం. ద్రోహిని తిట్టాలంటే తల్లిపాలు తాగి రొమ్ము గుద్దాడంటాం, సభల్లో మైకులోనే అంటాం. అన్నమయ్య అలమేలుమంగ సౌందర్యాన్ని ఏ మొహమాటమూ లేకుండా వర్ణిస్తే ఆ కీర్తనలను పూజగదిలో పాడుకుంటున్నాం. గంగ జాతరలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, జాకెట్టు నింపుకుని వీధుల్లో తిరిగితే దండం పెట్టుకుంటాం. అదే ఊళ్లో ఒక ఆడమనిషి తన ఒంట్లో గడ్డ ఎక్కడ ఉందో కట్టుకున్నవాడికి చెప్పడానికి ఏడు నెలలు పట్టింది. (మగవాళ్లూ నిశ్చింతగా ఉండనక్కరలేదు. ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో ఒకరో, అంతకన్నా తక్కువో మగవారుంటారు. వాళ్లు ఇంకా ఆలస్యంగా వస్తారు.)

ఈ మౌనం ఖరీదు అంకెల్లో కనిపిస్తుంది. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షలమందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, దాదాపు 98 వేలమంది చనిపోయారు. అదే ఏడాది మనం ఉంటున్న అమెరికాలో కొత్త కేసులు 2.7 లక్షలకు పైగా, మరణాలు సుమారు 43 వేలు. అంటే జబ్బు ఇక్కడ అమెరికాలోనే ఎక్కువమందికి వస్తోంది, చావులు మాత్రం అక్కడ మన దేశంలో రెట్టింపు కన్నా ఎక్కువ. మందుల తేడా కొంత ఉంది, డబ్బు తేడా ఉంది. అయితే అన్నిటికన్నా పెద్ద తేడా, ఏ దశలో డాక్టరు ముందు కూర్చున్నారన్నది. రొమ్ము దాటకముందే పట్టుబడితే అమెరికాలో ఐదేళ్ల తరువాత బతికి ఉండేవారు నూటికి 99 మంది. దూరపు అవయవాలకు పాకాక ఆ సంఖ్య మూడోవంతుకు పడిపోతుంది. మన దేశంలో సగానికి పైగా ముదిరిన దశలోనే వస్తున్నారు. పైగా మన ఆడవాళ్లకు ఇది పాశ్చాత్య దేశాల వారికన్నా దాదాపు పదేళ్లు ముందుగా, నలభైల్లోనూ యాభైల్లోనూ ఎక్కువగా వస్తోంది. "మా వంశంలో లేదు" అనే ధీమా కూడా పనికిరాదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం వల్ల కలిగేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

పోనీ తిరుపతిలో వైద్యం లేదా? ఈ సాకు చెప్పడానికి వీలు లేని ఊరు అది. దేవస్థానం 1993లో నెలకొల్పిన స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల చొరవతో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ 2022లో తెరుచుకుంది. చిత్తూరు వైపువాళ్లకు రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి ఎప్పటినుంచో పుట్టింటి దారి లాంటిది. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు ఉన్నవాళ్లకు ఆపరేషనూ కీమో ఖర్చులను చాలావరకు మోస్తుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే రొమ్ము మొత్తం తీసేయవలసిన పని కూడా చాలామందికి ఉండదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే ప్రాణానికి అంతే భద్రమని 1980ల నుంచీ అధ్యయనాలు నిరూపిస్తూనే ఉన్నాయి. పిన్నమ్మ ఆ అవకాశాన్ని మామిడి కోతల దగ్గరే పోగొట్టుకుంది. ఇప్పుడు పాత పంచెగుడ్డలో దూది కుక్కి, బరువుకు గుప్పెడు ఆవాలు పోసి తనే కుట్టుకున్న చిన్న దిండును జాకెట్టులో పెట్టుకుంటుంది. బట్టలు కుట్టే ఆవిడకు చెప్పడం ఇష్టం లేక.

మనం చేస్తున్నదేమిటో కూడా చెప్పుకుందాం. విదేశాల్లో ఉన్న పిల్లలం అమ్మానాన్నలకు "ఫుల్ బాడీ చెకప్" కొనిపెడుతున్నాం. నేనూ కొన్నాను. ఆన్‌లైన్లో కడితే ల్యాబు కుర్రాడు ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్లాడు. డెబ్బైకి పైగా పరీక్షలు, రంగురంగుల రిపోర్టు. దాన్ని చూసి నాకు ఎంత తృప్తి కలిగిందో! అందులో విటమిన్ డి ఉంది, థైరాయిడ్ ఉంది. మా అమ్మ రొమ్మును పరీక్షించిన మనిషి మాత్రం లేరు. రక్తపరీక్షతో ఈ జబ్బును ముందుగా పట్టుకోవడం ఇవాళ్టికి సాధ్యం కాదు. "క్యాన్సర్ మార్కర్" అని అమ్మేవి కూడా లక్షణాలు లేనివాళ్లలో వెతకడానికి పనికిరావు. రిపోర్టు "నార్మల్" అని వస్తే, తగిలిన గడ్డను కూడా మరిచిపోయే ప్రమాదం ఒకటి అదనం.

మరి ఏది పనిచేస్తుంది? ఇక్కడ అమెరికాలో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ అని 2024లో సిఫార్సు చేశారు. నాకు నా ఇన్సూరెన్సు వాళ్లే గుర్తుచేస్తారు, పైసా తీసుకోరు. కోట్లమందికి అన్ని యంత్రాలు మన దేశంలో లేవు. అందుకే 30 నుంచి 65 ఏళ్ల వయసున్న ప్రతి మహిళకూ ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేతితో పరీక్షించాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇదేదో పేదవాళ్లకు పారేసిన ముక్క అని తీసిపారేయకండి. ముంబయి టాటా మెమోరియల్ వారు మురికివాడల్లో దాదాపు లక్షన్నరమంది స్త్రీలను 20 ఏళ్లపాటు గమనించారు. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించినచోట, 50 దాటినవారిలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో అంతటి మేలు కనబడలేదు, అదీ చెప్పుకోవాలి. షాంఘైలో ఇంకోటి జరిగింది. రెండున్నర లక్షలకు పైగా మిల్లు కార్మికురాళ్లలో సగం మందికి స్వయంగా పరీక్షించుకోవడం శ్రద్ధగా నేర్పారు. మరణాలు తగ్గలేదు. తన ఒంటి తీరు తనకు తెలిసి ఉండడం మంచిదే. కానీ నేర్పించి వదిలేస్తే సరిపోతుందనుకునే పోస్టర్ల మీద నాకు మోజు పోయింది ఆ ఫలితం చదివాకే.

అందుకని సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. అక్టోబరు నడక మానమని అనను, టీషర్టుల ఖర్చు తగ్గించుకుందాం. ఊళ్లో ఒక్కరోజు శిబిరానికి చందా పంపి ఫొటో వేసుకునే బదులు, ఆ శిబిరంలో "మళ్లీ చూపించుకోండి" అన్న చీటీ అందుకున్న ఆడవాళ్లు ఎంతమంది నిజంగా ఆసుపత్రికి చేరారో కనుక్కుందాం. అక్కడే తెగిపోతోంది దారం. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఐదారు వారాలు. మావైపు "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో వచ్చిన మనిషి అన్నాళ్లు తిరుపతిలో ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, తోడుగా వచ్చిన కూతురి కూలి ఎవరిస్తారు? మధ్యలో మానేసినవాళ్ల గురించి విన్నాను, బస్సు చార్జీకి వెనకాడి. ఒక గది అద్దె, ఆటో డబ్బులు, తోడుకు ఒక మనిషి. మనం ఇవ్వగలిగినవి ఇవీ. వీటికి గులాబి రంగు అక్కరలేదు, ప్రారంభోత్సవం అసలే అక్కరలేదు.

ఇంకోటి డబ్బుతో పనిలేనిది. డిసెంబరులో సెలవు పెట్టి ఊరికి వెళతాం. దర్శనానికి ఒకరోజు, షాపింగుకు రెండు రోజులు, చుట్టాల ఇళ్లకు నాలుగు రోజులు. అందులో ఒక పూట అమ్మకు, అత్తకు. "వెళ్లి చూపించుకో" అంటే వెళ్లరు. "పద" అంటే వస్తారు. ఫోనులో షుగరెంత, బీపీ ఎంత అని అడిగే మనం ఆ ఒక్కటీ అడగడం లేదు. అడగవలసింది కూతుళ్లే అని నేను అనను గానీ, కొడుకులు ఎలాగూ అడగరు కాబట్టి కూతుళ్లు, కోడళ్లు మొదలుపెట్టండి.

కిందటి నెల నేను అడిగాను. అమ్మ వీడియోలో వంటింట్లో ఉంది, వెనక నాన్న పేపరు చదువుతున్నారు. "అమ్మా, నీ రొమ్ముల్లో ఎక్కడైనా గడ్డలాగా తగులుతోందా?" అన్నాను. ఫోను తెర మీద ఒక్కసారిగా కప్పు కనిపించింది, ఫ్యాను కనిపించింది. "కరివేపాకు అయిపోయింది, కాస్త తెచ్చిపెట్టండి" అన్న అమ్మ గొంతు, చెప్పుల చప్పుడు, తలుపు గడియ. తరువాత అమ్మ ముఖం.

"ఏమీ లేదు" అంది. "చూసుకున్నావా?" అన్నాను. "చూసుకోలేదు" అంది.

జనవరిలో వస్తున్నాను, పండగ మరునాడు కాక ఆ తరువాతి సోమవారం వెళదాం, ఒక పూట పని అని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మీ పిన్నమ్మను కూడా రమ్మందాం" అంది. "ఆమెకు అక్కడ ఏ గది ఎక్కడో తెలుసు."