తెలిసిన తీగే ప్రాణం తీస్తోంది

2025 మే 8న ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా గంగ్నాని దగ్గర హెలికాప్టర్ కూలి ఆరుగురు చనిపోయారు. గంగోత్రి రహదారి మీద అత్యవసరంగా దించబోతుండగా దాని రెక్క రోడ్డు వెంబడి ఉన్న ఫైబర్ కేబుల్‌కు తగిలిందని ప్రాథమిక దర్యాప్తు నివేదిక చెప్పింది. 2019 ఆగస్టులో అదే జిల్లాలో వరద సాయానికి వెళ్లిన మరో హెలికాప్టర్ తీగలకు చిక్కుకుంది. అందులో ముగ్గురు పోయారు.

ఎక్కడో కొండల్లో జరిగినవి, మనకెందుకు అనుకోవడానికి లేదు. అంగుల్–శ్రీకాకుళం–వేమగిరి 765 కేవీ కరెంటు లైను మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగానే వెళ్తోంది. విజయనగరం జిల్లాలోని మరడాంలో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. వీటికి తోడు 220, 132, 33, 11 కేవీ లైన్లు, హౌరా–చెన్నై రైలు మార్గం మీది 25 కేవీ తీగ. తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్యనున్న ఇరుకు నేలలో ఇవన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. పెద్ద లైన్లను హెలికాప్టర్‌తో తనిఖీ చేసే పద్ధతి దేశంలో ఇప్పటికే ఉంది. కాబట్టి ఈ ప్రమాదం మనకూ పొంచి ఉంది.

అలా తనిఖీకి ఎగిరినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. హెలికాప్టర్ లైను పక్కన, కాస్త పైగా, నెమ్మదిగా సాగుతుంది. లోపలి ఇంజినీరు చూపంతా తీగను టవర్‌కు పట్టి ఉంచే ఇన్సులేటర్ల మీద, కెమెరా తెర మీద. పైలట్ ధ్యాసంతా పక్కనున్న లైనుకు దూరం చెడకుండా చూసుకోవడంలో. అలాంటప్పుడు అడ్డంగా ఇంకో లైను వస్తుంది. 400 కేవీ కండక్టర్, అంటే కరెంటు పారే తీగ, దాదాపు 32 మిల్లీమీటర్ల మందం ఉంటే, పిడుగుల నుంచి కాపాడటానికి దాని పైన కట్టే ఎర్త్ వైర్ 11 మిల్లీమీటర్లే. కంటికి ఆనేది కింది తీగ, తగిలేది పైది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్లు. వెనక కొండ ఉందంటే ఆ సన్నటి తీగ కనబడేసరికే ఆలస్యం అయిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు తీగను స్పాన్ (రెండు టవర్ల నడిమి భాగం) మధ్యలో దాటరు, టవర్ మీదుగా దాటుతారు. కిందికి దిగే ముందు ఎత్తు నుంచి దారంతా ఒకసారి చూసుకుంటారు.

పైలట్ అజాగ్రత్త అని ఒక్క మాటతో ఫైలు మూసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పొలాలకు మందు చల్లే విమానాలు తీగలను తాకిన ఘటనలను ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో పరిశీలిస్తే, 63 శాతం పైలట్లకు ఆ తీగ అక్కడుందని ముందే తెలుసు. తెలిసీ, పని ఒత్తిడిలో ఒక్క క్షణం మనసులోంచి జారిపోయింది.

హెలికాప్టర్‌కు తీగలు తెంచే కత్తులు బిగిస్తారు కదా అని కొందరంటారు. వాటిని బిగించాల్సిందే, ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కానీ వాటికి సొంత శక్తి లేదు, హెలికాప్టర్ ముందుకు దూసుకెళ్లే వేగమే వాటి బలం. తనిఖీ సాగేదేమో నెమ్మదిగా. పైగా వాటిని మొదట రూపొందించింది సుమారు 9.5 మిల్లీమీటర్ల ఉక్కు తీగ కోసం. మన ఎర్త్ వైర్ అంతకన్నా లావు. తోక దగ్గర తిరిగే వెనక రోటర్‌కు తీగ తగిలితే ఆ కత్తులు చేయగలిగింది ఏమీ లేదు.

అసలు భయం తుఫాను తర్వాత. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వేలల్లో కూలాయి. అలాంటి రోజుల్లోనే లైన్లు చూడటానికి, జనానికి సాయం అందించడానికి హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో ఎగరాలి. అప్పటికి ఒరిగిన టవర్లు, జారిన తీగలు, హడావుడిగా లాగిన తాత్కాలిక లైన్లు ఏ పటంలోనూ ఉండవు.

దగ్గర నుంచి చూడాల్సిన పనికి మొదట డ్రోన్‌నే పంపాలి. డ్రోన్ నియమాలు 2021లోనే వచ్చాయి. తీగకు తగిలితే పోయేది యంత్రమే. దాని బ్యాటరీ చాలని దూరాలకు హెలికాప్టర్ వెళ్లొచ్చు, అయితే సురక్షితమైన ఎత్తులో, దూరం నుంచి చూసే కెమెరాతో.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన బాధ్యతలు తీసుకున్నారు. తిత్లీ వచ్చిననాడూ ఈ జిల్లా ఎంపీ ఆయనే. కరెంటు లైన్లు నడిపే పవర్‌గ్రిడ్, ట్రాన్స్‌కో, ఈపీడీసీఎల్ సంస్థల అధికారులనూ రైల్వే అధికారులనూ ఒక్కచోట కూర్చోబెట్టి, రెండు జిల్లాల్లో లైన్లు ఒకదాన్నొకటి దాటే ప్రతి క్రాసింగ్‌నూ ఎర్త్ వైర్ ఎత్తుతో సహా ఒకే పటంలోకి ఎక్కించేలా ఆయన చూడాలి. వంశధార, నాగావళి మీది స్పాన్‌లకు దూరం నుంచే కనబడేలా రంగు గోళాలు కట్టించాలి. తుఫాను మర్నాడు ఏ తీగ ఎక్కడ మారిందో ఆ ఊరి లైన్‌మన్ నుంచి పైలట్‌కు నేరుగా చేరే ఏర్పాటు అక్టోబరు రాకముందే జరగాలి.