కాలు తడపనివ్వని జలపాతానికి నలభై యూరోలా?

నలభై యూరోలు పెట్టి టికెట్ కొన్నాం, చీకటితోనే లేచి బస్సెక్కాం, తీరా అక్కడికెళ్తే కాలు కూడా తడపనివ్వలేదు. క్రొయేషియా వెళ్లొచ్చిన మనవాళ్ల నోట ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది. జర్మనీలోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద చర్చే నడిచింది. డబ్బు దండగ, దీనికంటే మన తలకోన నయం అని ఒకరు. ఫొటోలకు తప్ప దేనికీ పనికిరాదని ఇంకొకరు. ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి పంపిస్తే తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు సంపాదకులు పేజీ ఇచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఆ జలపాతాలున్న ప్లిట్‌విట్సె పార్కులో నీళ్లలోకి దిగనివ్వకపోవడం నూటికి నూరుపాళ్లు సరైన పని. ఎందుకు దిగనివ్వరో మనకు అర్థమయ్యేలా చెప్పే మనిషి దొరికితే గైడెడ్ టూర్‌కు పెట్టిన ప్రతి యూరో గిట్టుబాటు అవుతుంది. దొరక్కపోతే మనం కట్టింది ఒట్టి బస్సు చార్జీ.

అసలు మనవాళ్లు ఇంతమంది అటు వెళ్లడం ఎప్పుడు మొదలైందో గుర్తుందా? 2023 జనవరి 1న క్రొయేషియా ఒకే వీసాతో దేశాలు తిరగనిచ్చే షెంగెన్‌లోనూ యూరోలోనూ ఒకే రోజున చేరింది. అంతకుముందు సింగిల్ ఎంట్రీ వీసా మీద జర్మనీ వచ్చిన అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్తే మళ్లీ ఇంటికి తీసుకురావడమే పెద్ద టెన్షన్. ఇప్పుడా బెడద లేదు. మ్యూనిక్ నుంచి, స్టుట్‌గార్ట్ నుంచి సెలవులు రాగానే కారేసుకుని సముద్రం వైపు దిగిపోతున్నాం. జదార్‌లోనో స్ప్లిట్‌లోనో బస, మధ్యలో ఒక రోజు జలపాతాలకు. ఆ ఒక్క రోజుకు పెద్దవాళ్లతో, పిల్లలతో సొంతంగా తంటాలు పడలేక టూర్ బుక్ చేస్తున్నాం. అందులో తప్పేమీ లేదు. గైడెడ్ టూర్ అనగానే ముఖం చిట్లించే బ్యాక్‌ప్యాక్ వీరులు మన సంఘంలోనూ ఉన్నారు. డెబ్బై ఏళ్ల మావగారిని వెంటబెట్టుకుని ఆ టికెట్ టైమ్ స్లాట్లు, రెండు గేట్లు, పడవ, లోపలి బస్సు అన్నీ లెక్క చూసుకుంటూ వాళ్లు ఒక్కసారి వెళ్లొస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ప్లిట్‌విట్సె క్రొయేషియాలో మొదటి జాతీయ పార్కు. 1949లో ప్రకటించారు. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పదహారు సరస్సులు మెట్లు మెట్లుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైదాని నీళ్లు కట్ట మీదుగా పొర్లి కిందిదానిలో పడతాయి. ఆ పొర్లడాలే మనం చూడబోయే జలపాతాలు. సరస్సులు పైన పన్నెండు, కింద లోయలో నాలుగు. చివర్లో వెలికి స్లాప్ అనే పెద్ద జలపాతం ఉంది, 78 మీటర్లు. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తయినది అదే. ఎత్తు కోసమే వెళ్తే మాత్రం మన తలకోన గురించి అన్నాయన మాటే నెగ్గుతుంది, అది దాదాపు ఇంతే ఉంటుంది. ప్లిట్‌విట్సె గొప్పదనం ఎత్తులో లేదు, ఆ కట్టల్లో ఉంది.

మా గైడ్ అది చెప్పిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టి పెరిగిన అమ్మాయి. జెండా కర్ర పక్కన పెట్టి, చెక్కబాట అంచున గొంతుక్కూర్చుని, నీటి తుంపర పడే చోట పెరిగిన నాచును వేలితో చూపించింది. ముట్టుకోలేదు. కొస పచ్చగా, మెత్తగా ఉంది. వేలెడు కిందికి వచ్చేసరికి అదే నాచు గోధుమ రంగు తిరిగి గరుకుగా కనిపిస్తోంది. ఇంకా కిందికి చూస్తే రాయి. పక్కనే నీళ్లలో పడిన ఒక రెమ్మకు తెల్లటి పూత పట్టి ఉంది, సగం పుల్ల, సగం రాయి. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున పెచ్చు కడుతుంది చూడండి, సరిగ్గా అదే సున్నం. ఆ ప్రాంతమంతా సున్నపురాయి కొండలు. వాన నీరు మట్టిలోంచి ఇంకుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఆ రాయిని కరిగించి తెస్తుంది. కట్ట మీదుగా దూకి చిట్లినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం మళ్లీ బయటపడుతుంది. నాచు, శైవలాలు, కంటికి కనపడని బ్యాక్టీరియా దాన్ని పట్టి నిలబెడతాయి. నాచు కింద రాయి అవుతూ పైకి పెరుగుతుంటుంది. అలా ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున కట్ట లేస్తుంది. కట్టతో పాటు వెనకున్న సరస్సూ లేస్తుంది. పార్కులో ఇవో పెవాలెక్ అనే వృక్షశాస్త్రవేత్త జ్ఞాపకార్థం ఒక ఫలకం ఉంది. గత శతాబ్దపు తొలి సగంలో ఈ నాచుల పనిని పట్టుకుని లోకానికి చెప్పినవాడాయన.

ఇది విన్నాక ఈతకు దిగడం గురించి ఎవరికైనా అడగబుద్ధి పుడుతుందా? ఆ కట్ట ఎవరో కట్టి వదిలేసిన గోడ కాదు, ఇంకా కడుతూనే ఉన్నారు. కూలీ నాచు. ఒక కాలు పడితే ఏళ్ల పని ఊడుతుంది. అడుగున బురద లేస్తుంది. ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్, నూనెలు నీళ్లలో కలుస్తాయి. నీళ్లలో సేంద్రియ పదార్థం పెరిగేకొద్దీ సున్నం పేరుకోవడం తగ్గుతుంది. ఏటా పది లక్షల మందికి పైగా వచ్చే చోట "నేనొక్కణ్ణే కదా" అనే మాటకు విలువ లేదు.

మా అత్తయ్యగారు ఆ మాటే అన్నారు మరి. "ఒక్క చుక్క నెత్తిన జల్లుకుంటే పోయేదేముందమ్మాయ్? ఇంత దూరం వచ్చి నీళ్లు ముట్టుకోకుండా పోతామా?" ఆవిడ తప్పూ లేదు. ఆకాశగంగ, పాపనాశనం, కపిలతీర్థం చూసి పెరిగిన మనిషికి కొండ మీంచి పడే నీళ్లంటే స్నానం చేయాల్సినవే. నేను నసుగుతూ గైడ్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ పిల్ల నవ్వి, పెద్ద జలపాతం కిందికి వెళ్లి నిలబడమనండి, నీళ్లే ఆవిడ దగ్గరికి వస్తాయి అంది. నిజమే, ఆ రోజు వెలికి స్లాప్ జోరుగా ఉంది. చూసే చోటు దాకా తుంపర కొడుతోంది. అత్తయ్యగారు కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, కళ్లు మూసుకుని గోవిందా అంటూ నిలబడ్డారు. వెనక సెల్ఫీల కోసం క్యూ కట్టినవాళ్లు కాసేపు గొణిగారు. గొణగనీ.

క్ర్కా అనే ఇంకో జాతీయ పార్కు సంగతి కొంచెం వేరు. మనవాళ్ల కోపం సగం అక్కడే పుట్టింది. షిబెనిక్ దగ్గరి ఆ పార్కులో స్క్రాడిన్‌స్కి బుక్ జలపాతం కింద కొన్నేళ్ల కిందటి వరకు హాయిగా ఈత కొట్టనిచ్చేవారు. 2021 జనవరి నుంచి ఆపేశారు. ఆ పాత ఫొటోలు మాత్రం ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి చూసి స్విమ్ సూట్లు సర్దుకుని వెళ్లినవాళ్లకు బోర్డు చూసి నీరసం రాదా మరి? పాత ఫొటోలతో కొత్త టికెట్లు అమ్మే టూర్ వాళ్లను నిలదీయాల్సిందే. పార్కును తిట్టి మాత్రం లాభం లేదు. అక్కడా ఉన్నది ఆ సున్నపు మెట్లే, పదిహేడు. ఈత పోయినా క్ర్కాలో చూడాల్సింది ఇంకొకటుంది. ఆ జలపాతం పక్కన 1895 ఆగస్టు 28న యారుగా అనే జలవిద్యుత్ కేంద్రం మొదలైంది, నయాగరా కంటే రెండే రోజులు వెనక. అక్కడ పుట్టిన ఏసీ కరెంటుతో షిబెనిక్ వీధి దీపాలు వెలిగాయి. ఏసీ కరెంటును నిలబెట్టిన నికొలా టెస్లా పుట్టిన స్మిల్యాన్ ఊరు ఇటు ప్లిట్‌విట్సె ఉన్న లికా ప్రాంతంలోనే ఉంది. ఇంజినీర్లతో నిండిన మన సంఘంలో దీని గురించి ఒక్కరూ ముచ్చటించలేదు, ఈత గురించి మాత్రం నలభై మెసేజ్‌లు.

నీళ్ల విషయంలో మనకు ధైర్యం కాస్త ఎక్కువే. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. దీని మీద ఎక్కువ రాయను. ప్లిట్‌విట్సెలో చాలాచోట్ల చెక్కబాటకు పక్కన రెయిలింగ్ ఉండదని, వాన పడితే ఆ దుంగలు జారతాయని మాత్రం పిల్లలున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. చిన్నపిల్లల బండి అయితే ఇంట్లోనే వదిలేసి రండి.

మంచి గైడ్ ఎవరు, చెత్త గైడ్ ఎవరు అన్నది మొదటి గంటలోనే తెలిసిపోతుంది. మేం ఇంకోసారి వేరే వాళ్ల టూర్‌లో వెళ్తే ఆయన చెప్పినవి మూడే ముక్కలు: ఫొటోకు పది నిమిషాలు, టాయిలెట్ అటు, బస్సు మూడింటికి. ఆ పక్కనే మిల్కా ట్ర్నినా పేరిట ఉన్న జలపాతాలను దాటించేశాడు. ఆవిడ పెద్ద ఒపేరా గాయని. 1897లో జాగ్రెబ్‌లో చేసిన కచేరీ డబ్బును ఈ సరస్సులను కాపాడే సంఘానికి ఇచ్చేసింది. జాతీయ పార్కుగా ప్రకటించడానికి అర్ధ శతాబ్దం ముందే జనం చందాలేసుకుని కాపాడుకున్న చోటు అన్నమాట. సంఘాలు నడిపే మనకు వినాల్సిన కథే కదా. యుద్ధం గురించీ ఆయన నోరెత్తలేదు. 1991 మార్చి 31న, ఈస్టర్ రోజున, ఈ సరస్సుల దగ్గర జరిగిన కాల్పుల్లోనే క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తొలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 1992 నుంచి 1997 వరకు ఈ పార్కు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో ఉంది. ఆ పల్లె అమ్మాయి ఈ సంగతి బస్సులో మైకు ఆపేసి, ముందు సీట్లవాళ్లకు మామూలు గొంతుతో చెప్పింది.

ఎదురు వాదన ఒకటుంది, అందులో పస ఉంది. మన కాలికి అడ్డుపడే నియమం హోటళ్లకు ఎందుకు అడ్డుపడలేదు? పార్కు లోపలి పల్లెల్లో లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, జనం తాకిడి హద్దు మీరుతుంటే 2017 ప్రాంతంలో యునెస్కో కూడా ఆందోళన తెలిపింది. మురుగునీరు ఆ సున్నపు నీళ్లలో కలిస్తే వంద మంది ఈత కొట్టినదానికంటే ఎక్కువ చేటు. వేసవిలో చెక్కబాట మీద తిరుపతి క్యూలో నిలబడ్డట్టే ఉంటుంది. నిజమే, వాళ్ల ఇల్లు వాళ్లు చక్కబెట్టుకోవాలి. ఇప్పుడు గంటకు ఇంతమందేనని టికెట్లు ఇస్తున్నారు, అది కొంత నయం. వాళ్లు పూర్తిగా బాగుపడేదాకా మనం దిగి తొక్కుతామనడం మాత్రం న్యాయం కాదు.

ఈ ఏడు సంఘం తరఫున మళ్లీ ట్రిప్ అంటున్నారు కాబట్టి కమిటీకి నా విన్నపాలు. స్ప్లిట్ నుంచి ప్లిట్‌విట్సె పెట్టకండి. ఒక్కో వైపు బస్సులోనే మూడు గంటలు పోతుంది, పెద్దవాళ్ల నడుములు పడిపోతాయి. స్ప్లిట్‌లో బస అయితే క్ర్కా చాలు, గంటా గంటన్నర దూరం. ప్లిట్‌విట్సె కావాలంటే జదార్ నుంచి వెళ్లాలి. లేదా జాగ్రెబ్ నుంచి, దారిలో స్లున్ దగ్గర రాస్తోకె అనే ఊరు తగులుతుంది. ఇళ్ల మధ్యలోంచి, పాత నీటి మరల కిందనుంచి జలపాతాలు దూకుతుంటాయి. జూలై, ఆగస్టు వద్దు. మే నెలలో నీళ్లూ ఎక్కువ, టికెట్టూ తక్కువ. పులిహోర, పెరుగన్నం తెచ్చుకోవచ్చు, కొజ్యాక్ సరస్సు పడవ దిగిన చోట కూర్చుని తినడానికి పచ్చికబయలు ఉంది. చేపలు, బాతులు మూతి చాపుకుని వస్తాయి, వాటికి మాత్రం పెట్టకూడదు. ఈత కావాలన్నవాళ్లకు జదార్‌లో సాయంత్రం సముద్రం ఉండనే ఉంది, ఎంతసేపు కావాలంటే అంతసేపు. పేర్లు ఇచ్చేముందు మాత్రం టూర్ వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: గైడ్ పార్కు లోపలికి మనతో వస్తారా, గేటు దగ్గరే వదిలేస్తారా? చెప్పిన రేటులో పార్కు టికెట్ కలిసి ఉందా, అది వేరేనా?