గడియారంతో పందెం కడితే సోర్సరెస్సే ఎందుకు?

ఫాంటసీ గేమ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: ఏ క్లాస్, అంటే ఏ రకం పాత్ర, తీసుకోవాలి? యూట్యూబ్‌లో దొరికే జవాబులూ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. ఎస్ ర్యాంకు, ఏ ర్యాంకు, బీ ర్యాంకు అంటూ ఒక పట్టిక వేసి, పాత్రలన్నిటినీ అందులో సర్దేస్తారు. తీరిగ్గా ఆడుకునేవాళ్లకు దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ గేమ్‌ను వీలైనంత తక్కువ టైమ్‌లో ముగించాలనుకునే స్పీడ్‌రన్నర్ ఆ పట్టికను నమ్ముకుంటే మునిగినట్టే. దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో ఆ పట్టిక చెబుతుంది. టైమ్ ఎక్కడ ఖర్చవుతుందో చెప్పదు.

దీనికి డయాబ్లో 2 కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 2000లో బ్లిజార్డ్ ఈ గేమ్‌ను విడుదల చేసినప్పుడు ఇందులో అయిదు క్లాసులు ఉండేవి: అమెజాన్, నెక్రోమాన్సర్, బార్బేరియన్, సోర్సరెస్ అనే మంత్రగత్తె, పాలడిన్. మరుసటి ఏడాది వచ్చిన అనుబంధంతో అసాసిన్, డ్రూయిడ్ చేరాయి. 2021లో రిసరెక్టెడ్ పేరుతో బొమ్మలు కొత్తగా చెక్కి మళ్లీ వదిలారు. ఇంత పాత గేమ్‌ను జనం ఇప్పటికీ గడియారం పెట్టుకుని పరిగెత్తిస్తూనే ఉన్నారు.

ఇలా గడియారం పెట్టి ఆడిన ఒక్క ఆట, అంటే ఒక్క రన్, శ్రద్ధగా చూస్తే అసలు విషయం తెలిసిపోతుంది. టైమ్‌లో పెద్ద వాటా తినేది యుద్ధం కాదు, నడక. మొదటి అంకంలో దాటి తీరాల్సిన క్వెస్ట్, అంటే గేమ్ అప్పగించే పని, ఆ అంకం చివర ఉండే రాక్షసి ఆండారియల్‌ను చంపడం ఒక్కటే. మిగిలినవన్నీ వదిలేయొచ్చు. కానీ ఆమె దాకా వెళ్లాలంటే పొలాలు, అడవులు, చిత్తడి నేలలు, మఠం, దాని కింద జైలు, ఇంకా కింద భూగర్భ సమాధులు దాటాలి. పైగా కొత్త పాత్ర సృష్టించిన ప్రతిసారీ మ్యాప్ మారిపోతుంది. మెట్లు ఎటు ఉన్నాయో ముందుగా ఎవరికీ తెలియదు. తొమ్మిది మంది రాక్షసులను ఒక్క దెబ్బకు పడగొట్టే పాత్ర అయినా తప్పు మలుపు తిరిగితే అంతే సంగతులు.

సోర్సరెస్ గెలిచేది ఇక్కడే. లెవెల్ 18కి చేరాక ఆమెకు టెలిపోర్ట్, అంటే ఉన్నచోటి నుంచి మాయమై ఇంకోచోట తేలే మంత్రం, అందుతుంది. గోడ అడ్డమొచ్చినా, మధ్యలో లోయ ఉన్నా, దారి మూసుకుని గుంపు నిలబడినా ఆమెకు పట్టదు. మూడో అంకంలో కురాస్త్ అడవి ఉంది. నది వంపులు తిరుగుతూ దారి మెలికలు పడే చోటు అది. మిగతా పాత్రలు ఒడ్డు వెంట చుట్టి రావాలి, సోర్సరెస్ నీళ్ల మీదుగా దూకేస్తుంది. టెలిపోర్ట్ మొదటి లెవెల్‌లో ఒక్కో దూకుకు 24 మానా (మంత్రశక్తి) తీసుకుంటుంది కాబట్టి బెల్టు నిండా దాన్ని నింపే నీలం సీసాలు పెట్టుకోవాల్సిందే. రన్నర్లు ఆ ఖర్చును లెక్కలోకే తీసుకోరు.

రెండో ఆయుధం స్టాటిక్ ఫీల్డ్ అనే మెరుపు మంత్రం. లెవెల్ 6కే వస్తుంది. ఇది ఇంత అని లెక్కగట్టి దెబ్బ వేయదు, దగ్గర్లో ఉన్న శత్రువులకు మిగిలిన ప్రాణంలో నాలుగో వంతు కోస్తుంది. మెరుపు నిరోధం లేని రాక్షసుడి ప్రాణం వంద అనుకుంటే మొదటి దెబ్బకు 75 మిగులుతుంది, రెండో దానికి 56, మూడోదానికి 42. ఎనిమిదో దెబ్బకు 10. ఆ తర్వాత ఈ మంత్రం దండగ, మిగిలిన ఆ కాస్తా వేరే దెబ్బతో తీసేయాలి. ఇందులో తమాషా ఏమిటంటే, ఒంటరిగా ఆడుతూనే ఎనిమిది మంది ఆడుతున్నట్టు లెక్క పెట్టమని గేమ్‌కు చెప్పొచ్చు. అప్పుడు శత్రువుల ప్రాణం బాగా పెరుగుతుంది, దాంతోపాటు మనకొచ్చే అనుభవం పాయింట్లూ పెరుగుతాయి. మిగతా క్లాసులకు అది రెండంచుల కత్తి. సోర్సరెస్‌కు మాత్రం వంద అయినా వెయ్యి అయినా నాలుగో వంతు నాలుగో వంతే. కష్టం పెద్దగా పెరగకుండానే లెవెల్ పెరుగుతుంది.

ఇదంతా గేమ్‌లోని మూడు కష్టం స్థాయిల్లో మొదటిదైన నార్మల్ సంగతి. రెండోదైన నైట్‌మేర్‌లో స్టాటిక్ ఫీల్డ్ శత్రువు ప్రాణాన్ని మూడో వంతు దాకానే దించగలదు, అన్నిటికన్నా కష్టమైన హెల్‌లో సగం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి నార్మల్ రన్ చూసి నేర్చుకున్న కిటుకుతో హెల్ ముగిద్దామంటే కుదరదు.

మరి సోర్సరెస్‌కు గండం లేదా? ఉంది, దాని పేరు డ్యూరియల్ అనే రాక్షసుడు. రెండో అంకం చివర టాల్ రాషా సమాధి లోపల అతనుండే గది మరీ ఇరుకు. అడుగు పెట్టీ పెట్టగానే మీద పడతాడు. అతని చుట్టూ ఉండే చలి ఆరా (దగ్గరికొచ్చినవాళ్ల మీద పనిచేసే మంత్రవలయం) వల్ల మన పాత్ర కాళ్లు ఈడ్చుకుంటూ కదులుతుంది. స్టాటిక్ ఫీల్డ్ తొలి లెవెళ్లలో బాగా దగ్గరున్నవాళ్లకే తగులుతుంది కాబట్టి, కొడవళ్లలాంటి అతని చేతుల కిందే నిలబడి ఆ ఎనిమిది దెబ్బలూ వేయాలి. సోర్సరెస్‌కు ఉండే ప్రాణమేమో అంతంత మాత్రం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గదిలోకి వెళ్లే ముందు చలి విరుగుడు సీసాలు తాగుతారు, బెల్టు నింపుకుంటారు, జీతానికి తెచ్చుకున్న ఈటె సైనికుడు ముందు దెబ్బలు తింటుంటే వెనక నుంచి పని కానిస్తారు. ఆ కొద్ది సెకన్లలో ఉండే టెన్షన్ కోసమే నేను ఈ రన్‌లు చూస్తాను. అప్పటిదాకా కూడబెట్టుకున్న టైమంతా ఆ గదిలో బూడిదైపోవచ్చు.

లెవెల్ 18కి ముందు మాత్రం సోర్సరెస్ కూడా కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిన మనిషే. కొత్తవాళ్లు రికార్డు వీడియోలో టెలిపోర్ట్ దూకుళ్లు చూసి మోజుపడి ఈ క్లాస్ తీసుకుంటారు. ఆ 18 దాకా ఎక్కడ ఆగి గుంపులను చంపాలి, ఎక్కడ పక్కనుంచి జారుకోవాలి అన్నదే అసలు విద్య. మొత్తానికి పోరాటాలే ఎగ్గొడదామన్నా కుదరదు. అయిదో అంకంలో దారి కాసే ఏన్షియంట్స్ అనే ముగ్గురు యోధులతో తలపడక తప్పదు, వాళ్లను పిలవాలంటే నార్మల్‌లో లెవెల్ 20 ఉండి తీరాలి.

సోర్సరెస్ ఇంత ముందుంటే మిగిలిన ఆరు క్లాసుల గతేమిటి? ఇక్కడ డయాబ్లో రన్నర్లు తీసుకున్న నిర్ణయం నాకు బాగా నచ్చింది. వాళ్లు ఒక్కో క్లాసుకు విడివిడిగా రికార్డులు పెట్టుకున్నారు. ఇలా ముక్కలు చేస్తే రికార్డుకు విలువ తగ్గిపోతుందని, అందరూ పోటీపడే ఒకే పట్టిక ఉండాలని అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒకే పట్టిక ఉంటే అందరూ సోర్సరెస్సే ఆడతారు, ఆరు పాత్రల గురించి ఎవరూ ఆలోచించరు. విడదీశారు కాబట్టే నెక్రోమాన్సర్ రన్నర్‌కు వేరే చిక్కు ఎదురైంది. రెండో అంకంలోని మాగట్ లెయిర్ అనే ఇరుకు సొరంగాల్లో అతని అస్థిపంజరాలు రేషన్ షాపు ముందు క్యూలా ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోతాయి. దాంతో అతను వాటిని నమ్ముకోకుండా శవాలను పేల్చే మంత్రం మీదికి వెళ్తాడు. బార్బేరియన్‌కు టెలిపోర్ట్ లేదు కానీ చిన్నపాటి అడ్డంకులు దాటడానికి లీప్ ఉంది. అసాసిన్‌కు లెవెల్ 6కే పరుగు వేగం పెంచుకునే నైపుణ్యం వస్తుంది. ప్రతి క్లాసూ నడక సమస్యకు తనదైన జవాబు వెతుక్కుంటుంది, అన్ని జవాబులూ చూడదగ్గవే.

అన్ని గేముల్లో క్లాసుకు ఇంత బరువు ఉండదు. 2011 నాటి డార్క్ సోల్స్‌లో క్లాస్ అంటే మొదట్లో ఒంటి మీదుండే బట్టలు, చేతిలోని కత్తి, కొన్ని అంకెలు. ఆ తర్వాత ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు. అక్కడ రన్నర్లు క్లాసుకన్నా ఎక్కువగా చూసేది మాస్టర్ కీ. దొంగ క్లాసుకు అది పుట్టుకతోనే ఉంటుంది, మిగతావాళ్లు మొదట్లో ఎంచుకునే కానుకగా తీసుకోవచ్చు. అది ఉంటే న్యూ లాండో దగ్గర తలుపు తెరిచి, డ్రేక్స్ లోయ మీదుగా బ్లైట్‌టౌన్‌కు వెనకవైపు నుంచి దిగొచ్చు. కాప్రా డీమన్ అనే పెద్ద శత్రువు, దాని తర్వాత వచ్చే మురుగు కాలువలు అన్నీ ఎగిరిపోతాయి. ఇక్కడ టైమ్ మిగిల్చేది ఒక తాళంచెవి.

ఎల్డెన్ రింగ్ ఇంకో కొస. 2022 ఫిబ్రవరిలో పది క్లాసులతో వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే డిస్టార్షన్2 అనే రన్నర్ ఏడు నిమిషాలలోపే ముగించేశాడు. పాత్రను కనురెప్పపాటులో ఎక్కడికో విసిరేసే ఒక గ్లిచ్, అంటే గేమ్‌లోని లోపం, పుణ్యం అది. ప్రపంచాన్నే దాటేస్తుంటే సమురాయ్ అయినా, ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేని రెచ్ అయినా ఒకటే. గ్లిచ్‌లకు నా వ్యతిరేకత ఏమీ లేదు. కానీ క్లాస్ ఎంపిక మీద ఏమైనా తెలుసుకోవాలంటే గ్లిచ్ లేని విభాగం రన్‌లే చూడాలి.

కొత్తగా దిగేవాళ్లు రికార్డు రూట్‌ను ఉన్నదున్నట్టు అనుకరించకపోవడం మంచిది. అందులో ప్రతి అడుగూ ప్రాణం అంచుల్లో ఉంటుంది. డయాబ్లోలో వస్తువు తీసుకున్నాక ఊరికి రావడానికి సేవ్ చేసి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లడంలాంటి భద్రమైన కిటుకులు ముందు పట్టుకోవాలి. ఇంకో రోగం రీసెట్. మొదటి అంకంలో మ్యాప్ బాగా రాలేదని మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు మొదటి అంకం కంఠస్థం అవుతుంది, నాలుగోది ముఖం కూడా తెలియదు.

రికార్డుకు సోర్సరెస్సే అయినా, కొత్తవాళ్ల క్లాస్ విషయంలో నా ఓటు పాలడిన్‌కు. లెవెల్ 6లో హోలీ ఫైర్ ఆరా వస్తుంది, పక్కనుంచి పరిగెడుతుంటేనే శత్రువులు కాలిపోతారు. 18లో విగర్ పరుగు వేగం పెంచుతుంది. చేతిలో డాలు ఉంటుంది, ఒకటి రెండు దెబ్బలకు పడిపోడు. ఈ పాత్రతో నార్మల్ ఒకసారి చివరిదాకా ముగించి, ఏ అంకానికి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. ఎక్కువ టైమ్ కురాస్త్ అడవిలో పోయిందని తేలితే సోర్సరెస్ వైపు వెళ్లొచ్చు. డ్యూరియల్ చేతిలో చచ్చి చచ్చి పోయిందని తేలితే మాత్రం పాలడిన్‌తోనే ఇంకొన్నాళ్లు ఉండటం మేలు.