గాలం పోటీ నిబంధనలు: ముసాయిదా

చేపల పోటీలో న్యాయం జరగాలంటే ముందు పేదవాడి గాలాన్ని కొలవాలి. ఈ సూత్రానికి తలూపాకే రాజాం వైపు ఏదో ఒక చెరువు గట్టున పోటీ పెట్టుకుందాం.

గాలంతో పట్టిన చేపల ప్రపంచ రికార్డులు రాసుకునే అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం లెక్కలో రీలు (దారం చుట్టే చక్రం) మధ్య నుంచి కర్ర కొసకు కనీసం 101.6 సెంటీమీటర్లుండాలి. మన వెదురు గాలానికి రీలే లేదు, టేపు ఎక్కడ ఆనించాలో కమిటీయే తేల్చాలి. దారాన్ని 2 గంటలు నీళ్లలో నానబెట్టాకే బలం పరీక్షిస్తారు, తడిస్తే నైలాన్ నీరసిస్తుంది గనక. మంచి నియమమే. చేప పడ్డాక పోటీదారు తప్ప ఇంకెవరూ కర్రనీ దారాన్నీ ముట్టుకోకూడదు. గట్టు మీంచి "లాగరా, ఓరి లాగీరా!" అని కేకలేసే పదిమంది మీద మాత్రం ఏ పుస్తకంలోనూ నిషేధం లేదు. దారాలు తెగేది వాళ్ల ధర్మమా అనే.

ఇక ఎర. బాస్ అనే చేపను పట్టే అమెరికా బాస్‌మాస్టర్ పోటీల్లో ప్రాణమున్న ఎర చెల్లదు. గత్తం కుప్ప కింద ఊరికే దొరికే వానపాము అన్యాయం. నీళ్లలో చేప ఎటు తిరిగిందో తెర మీద చూపించే, లక్ష దాటిన సోనార్ మాత్రం నైపుణ్యం! ఈమధ్యే కొన్ని పోటీల్లో దానికి కళ్లెం వేశారు లెండి. మనకా బెంగ లేదు. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువులో సోనార్ దింపితే తెర నిండా కలుపే. కొర్రమీను గాలి మింగడానికి తనే పైకొస్తుంది. ఆ బుడగ కనిపెట్టి, పక్కనే కప్పపిల్లను ఆడించినవాడిదే చేప. కాబట్టి కళ్లు బాగా కనబడేవాళ్లను పోటీకి రానివ్వకూడదు.

2022లో అమెరికాలో ఈరీ సరస్సు పోటీలో గెలిచాయనుకున్న చేపల పొట్టల్లో బరువు కోసం కుక్కిన సీసం గుళ్లు బయటపడ్డాయి. పావుకిలో సీసం కోడిగుడ్డులో సగం కూడా ఉండదు, గొంతులోంచి సులువుగా దిగిపోతుంది. మనవాళ్లకంత ఖర్చెందుకు? గోనెసంచిని పొడిగా ఉన్నప్పుడు తూయించి, చెరువులో ముంచాక అందులో చేప వేసి కాటాకు తగిలిస్తే సరి, సంచి తాగిన నీళ్లన్నీ చేప ఖాతాలోకే. విరుగుడు: చేపను తీసేసి, అదే తడిసంచిని వెంటనే మళ్లీ తూచి ఆ బరువు తగ్గించాలి. కాటా ముల్లు సున్నాకొచ్చిందో లేదో ప్రతిసారీ చూడాలి.

ఎందుకైనా మంచిదని మొదటి మూడు స్థానాల చేపలకూ పొట్ట కోసి చూడాలని తీర్మానించాం. కోసిన చేప గెలిచినవాడిదా, కమిటీదా అన్న అంశం మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. అందాకా చేప నిలవుండదు గనక, చింతపండు నానబెట్టమని కబురంపాం.