మాత్ర ఇచ్చి మాట మరిస్తే

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే కిటికీ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. అరవై దాటిన ఒకావిడ ఓపీ చీటీ లోపలికి అందిస్తుంది. ఫార్మసిస్టు షీట్లను కత్తెరతో కత్తిరించి కొన్ని బీపీ మాత్రలు, కొన్ని షుగర్ మాత్రలు ఆమె చేతిలో పెడతారు. "ఇది పొద్దున ఒకటి, ఇది రెండు పూటలా తిన్నాక" అంటూనే వెనకవారి చీటీ అందుకుంటారు. ఆవిడ తలూపి, అన్నీ కలిపి కొంగున ముడివేసుకుని వెళ్లిపోతుంది. రెండూ తెల్లటి మాత్రలే. కత్తెర పడిన చోటే మందు పేరూ, గడువు తేదీ తెగిపోయాయి. ఇంటికెళ్లాక పొద్దున వేసుకోవలసింది ఏదో, రెండు పూటలా వేసుకోవలసింది ఏదో ఎవరు చెప్పాలి? చదువుకున్న మనవడు ఊళ్లో ఉంటే సరే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే?

రిజిస్టరులో మాత్రం ఆమెకు మందు అందినట్టే ఉంటుంది. అబద్ధం కూడా కాదు. కానీ ఆ మందు ఎందుకో, ఎలాగో, ఎన్నాళ్లో ఆమెకు తెలియకుండా చేతిలో పెట్టి పంపడాన్ని వైద్యం అనగలమా? లేదనే మా అభిప్రాయం.

గత కొన్నేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వైద్యం ఊరి గుమ్మం దాకా వచ్చింది. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. పల్లె దవాఖానాలు, విలేజ్ క్లినిక్కులు, బండి కట్టుకుని వచ్చే 104 సేవలు, ఉచిత పరీక్షలు, ఉచిత మందులు... ఇవన్నీ మంచి పనులే. ఇంత ఖర్చు పెట్టి ఇంటి దాకా తెచ్చిన మందు నోటి దాకా వెళ్లకుండా ఆగిపోతోందంటే కారణం చాలాసార్లు ఒక్క మాట కరువవడమే.

ఐరన్ మాత్రల సంగతే తీసుకోండి. గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే మలం నల్లగా వస్తుంది. కొందరికి మలబద్ధకం, కడుపులో తిప్పడం. "నల్లగా రావడం మామూలే తల్లీ, భయపడకు" అని ముందే చెప్పి ఉంటే ఆ అమ్మాయి ధైర్యంగా ఉంటుంది. చెప్పకపోతే కడుపులో బిడ్డకేమవుతుందోనన్న టెన్షన్‌తో ఇంట్లో పెద్దవాళ్లే ఆపించేస్తారు. మానకుండా వేసుకున్నా, టీతో కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం తోడైతే బాగా పడుతుంది. ఇదంతా చెప్పడానికి పట్టేది ఒక నిమిషం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 180 రోజులూ మాత్రలు వేసుకున్న తల్లులు దేశంలో 26 శాతమే. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇందులో తిండి లోపం ఉంది, పేదరికం ఉంది. ఎవరూ విడమరిచి చెప్పకపోవడం కూడా ఉంది.

బీపీ మాత్రలదీ అదే వరస. "నార్మల్‌కు వచ్చింది" అని నర్సమ్మ చెప్పగానే ఇక తగ్గిపోయిందనుకుని మానేస్తారు. నార్మల్‌గా ఉన్నది మాత్ర పుణ్యమేనని, మానితే మళ్లీ పెరుగుతుందని చెప్పినవారు లేరు. ఆర్నెల్ల క్షయ చికిత్సలో రెండో నెలకల్లా దగ్గు తగ్గి, ఒళ్లు తేలికై, మనిషి కూలి పనికి పోతాడు, మందు ఆగిపోతుంది. తర్వాత మందులకు లొంగని క్షయ వచ్చే ప్రమాదం ఉంది. డబ్బున్న దేశాల్లోనూ దీర్ఘకాలిక రోగుల్లో దాదాపు సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ఇందుకు డాక్టర్లను తిట్టిపోసి లాభం లేదు. 67 దేశాల లెక్కలు చూసి 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం రోగికి డాక్టరు ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. వరండా నిండా జనం ఉంటే ఎంత మంచి డాక్టరైనా ఏం చేస్తారు? ఏఎన్‌ఎంలేమో రోగి ముఖం చూడాల్సిన వేళ ట్యాబ్‌లో యాప్‌లు నింపుతూ కూర్చోవలసి వస్తోంది.

సమయం లేకపోయినా మార్చుకోగలిగింది ఒకటుంది, మాట తీరు. "మళ్లీ మానేశావా? చస్తావా ఏం?" అని నలుగురిలో గద్దించిన చోట రోగి నిజం చెప్పడు. వేసుకోని మాత్రలు వేసుకున్నానంటాడు. అది నమ్మి డాక్టరు డోసు పెంచుతారు. ఆ పెంచిన డోసు ఏ రోజైనా పూర్తిగా వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం. "ఏ పూట మర్చిపోతున్నావు పెద్దాయనా?" అని అడిగితే చెప్పేవాడే.

ఏజెన్సీలో కష్టం ఇంకా ఎక్కువ. పాడేరు వైపు కువి, ఉట్నూరు వైపు గోండి, కొలామీ మాట్లాడేవారికి డాక్టరు చెప్పే తెలుగు సగమే అందుతుంది. ఆ ఊరి ఆశా పక్కనుంటే గండం గడిచినట్టే, లేకుంటే సైగలే దిక్కు. రోగికి అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రంలో రాసింది. అది ఈ కొండల మీద కూడా అమలు కావాలి.

మేము కోరుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మాత్రలను ముక్కలుగా కత్తిరించడం ఆపి వీలైనంత వరకు షీటు షీటుగా ఇవ్వాలి. సూర్యుడు, చంద్రుడు, అన్నం పళ్లెం బొమ్మలున్న కాగితం కవర్లలో వేసి, ఏ పూట ఎన్నో టిక్కు పెట్టాలి. కవరు మీద ఆ ఊరి ఏఎన్‌ఎం ఫోన్ నంబరు ఉండాలి. 2007లోనే ఉమ్మడి రాష్ట్రంలో 104కు ఫోన్ చేస్తే సలహా చెప్పే ఏర్పాటు చేసుకున్నవాళ్లం, ఇది మనకు చేతకాని పని కాదు. డాక్టరు గది దాటాక ఒక కుర్చీ వేసి, అక్కడ నర్సో ఆరోగ్య అధికారో కూర్చుని "ఇంటికెళ్లి ఎలా వేసుకుంటావో ఒకసారి నాకు చెప్పమ్మా" అని రోగి నోటితోనే చెప్పించాలి. తప్పు చెబితే అక్కడే దిద్దవచ్చు. కొత్తగా మందు మొదలైనవారి ఇంటికి తొలి వారంలోనే ఆశా ఒకసారి వెళ్లాలి, ఆ పనికి ఆమెకు వేరుగా డబ్బు కట్టాలి. ఏఎన్‌ఎంల మీద యాప్‌ల భారం తగ్గించకుండా ఇవేవీ జరగవు గనుక ఆ పని ముందు జరగాలి. కవర్ల విషయంలో మాత్రం ఆగవలసిన పని లేదు. రెండు ప్రభుత్వాలూ వచ్చే మందుల కొనుగోలు టెండర్లలోనే వాటిని చేర్చాలి.