సికిల్ సెల్‌కి ఐస్ పెట్టమన్న మెసేజ్ గురించి

వారం రోజులుగా మహారాష్ట్రలోని సిరోంచ వైపు వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్. "సికిల్ సెల్ అంటే రక్తం తక్కువవడమే, ఐరన్ గోలీలు, బీట్‌రూట్ రసం 40 రోజులు తీసుకుంటే పోతుంది. నొప్పికి ఐస్ పెట్టండి. దవాఖాన సూదులకు పిల్లలు అలవాటు పడతారు. జ్వరమొస్తే 3 రోజులు చూడండి, సికిల్ ఉన్నవాళ్ళకి మలేరియా ఎలాగూ రాదు." నేను నర్సుని. ఈ పిల్లల మంచాల పక్కన చాలా రాత్రులు గడిపాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. రక్తం తగ్గేది నిజమే, కానీ ఎందుకో చూడండి. మామూలు ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, కొడవలిలా వంగిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. అందులోని ఐరన్ చాలావరకు ఒంట్లోనే ఉంటుంది, పైగా రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఒక్కో బ్యాగుతో ఇంకో 200 మిల్లీగ్రాములు చేరి కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అందుకే పరీక్షలో ఐరన్ తక్కువని తేలితే తప్ప ఆ గోలీలు వద్దు. మామూలుగా ఇచ్చేది ఫోలిక్ యాసిడ్. నొప్పులు మాటిమాటికీ రాకుండా చూసేది హైడ్రాక్సీయూరియా, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో, మధ్యలో రక్తపరీక్షలు చేయించుకుంటూ. బీట్‌రూట్ కూర వండుకు తినండి, తప్పులేదు, పుట్టుకతో వచ్చిన జబ్బు దాంతో పోదు.

ఐస్ మాటకొస్తే నాకు నిజంగా కోపమొస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అసలే వంగిన కణాలు అడ్డం పడి ఉన్న నాళాలవి. మొన్న ఒక తల్లి, ఏడెనిమిదేళ్ళ కొడుకుని ఎత్తుకొచ్చింది, రెండు మోకాళ్ళకీ తడి తువ్వాల్లో ఐస్ ముక్కలు కట్టి ఉన్నాయి. "పొద్దుగాలటి సంది కడుతనే ఉన్న సిస్టర్, ఇంకా ఎక్కువైతాంది" అంది. విప్పేసి, దుప్పటి కప్పి, గోరువెచ్చటి కాపడం పెట్టి, నీళ్ళు తాగిస్తూ డాక్టర్ రాసిన నొప్పి మందు ఇచ్చాం.

వాడు ఏడవలేదు, ఫోన్‌లో బొమ్మలు చూస్తూ పడుకున్నాడు. నటిస్తున్నాడని పక్క మంచం వాళ్ళు అనుకున్నారు, అడిగితే పదికి ఎనిమిది నొప్పి అని చెప్పాడు. ఈ నొప్పి మొహంలో కనపడదు, ఆ పిల్లాడు చెప్పిందే కొలత. మందు ఇచ్చాక అరగంటకి మళ్ళీ అడుగుతాం, మత్తుగా ఉన్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ ఎంతుంది, అన్నీ రాస్తాం. అంత కనిపెట్టుకుని ఇచ్చే మందుకి అలవాటు పడతారని భయపెట్టి, పిల్లల్ని ఇంట్లో గిలగిల్లాడనివ్వడం ఏం న్యాయం?

ఇక జ్వరం. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అదే. రక్తంలోని క్రిముల్ని వడకట్టేది ప్లీహం, ఈ పిల్లల్లో అది చిన్నతనంలోనే దెబ్బతింటుంది, క్రిములు గంటల్లో రక్తమంతా పాకుతాయి. 101 దాటితే అర్ధరాత్రయినా బయల్దేరండి. ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఇవీ అంతే. మలేరియా నుంచి కొంత రక్షణ ఉండేది అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు వచ్చి, జబ్బు లేని వాహకులకి, అదీ పూర్తిగా కాదు. జబ్బున్న పిల్లలకైతే అదే మలేరియా ప్రాణం మీదికి తెస్తుంది. మన అడవి ఊళ్ళలో దోమతెర తప్పనిసరి.

ఆ అబ్బాయిని ఇంటికి పంపే రోజు తల్లి చెయ్యి పట్టుకుని, ప్లీహం పెరిగిందేమో ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు ఎలా ఆనించి చూడాలో నేర్పాను. పెద్దవాళ్ళు కడుపులో బల్ల అనేవారే, అదే. అది ఒక్కసారిగా పెరిగి పిల్లాడు పాలిపోతే, రక్తం అక్కడే చిక్కుకుపోయినట్టు, వెంటనే రావాలి. రెండుసార్లు తప్పుగా పట్టుకుంది, మూడోసారి తనే తలూపింది, "ఇగో, ఈడ తాకుతాంది సిస్టర్" అని.