మా బోరు ఏ నంబరో చెప్పండి సార్

ఇప్పుడే ఇంటికొచ్చాను. బ్యాగు పక్కన పడేసి రాస్తున్నాను. రేపటికి ఈ కోపం చల్లారితే మళ్లీ ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకుంటాను. అందుకే ఈ రాత్రే రాయాలి.

మధ్యాహ్నం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపుకు పోయాను, పిల్లల ఇంటర్నల్ పరీక్ష పేపర్లు తీయించడానికి. నాకంటే ముందు ఎవరిదో పెద్ద ఆర్డర్ నడుస్తోంది. ఏదో రీసెర్చ్ జర్నల్ సంచిక, ఆరు కాపీలు, స్పైరల్ బైండింగ్. "మేడం, జర కూసోండి, ఐదు నిమిషాలు" అని షాపతను స్టూల్ వేశాడు. టేబుల్ మీదున్న కాపీని ఊరికే చేతిలోకి తీసుకున్నాను. మొదటి వ్యాసం ఇంటర్ పిల్లల సెల్‌ఫోన్ అలవాట్ల మీద. తర్వాతది ఉర్దూ గజల్ మీద, అదీ ఇంగ్లీషులో. ఆ తర్వాత కిరాణా దుకాణాలు, ఆన్‌లైన్ వ్యాపారం. నాలుగోది భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్. అందులో మర్రిగూడ మండలం అని కనబడగానే నా వేలు ఆగింది. అది మా మండలం. పేజీ తిప్పితే మా ఊరు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది కానీ మా ఊరే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద దసరా సెలవుల్లో నేను ఇంట్లో ఉండగా ఒక స్కాలర్ వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు, అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు పేజీల ప్రశ్నలు అడిగాడు. ఎన్నేళ్ల నుంచి బోరు నీళ్లు తాగుతున్నారు, మోకాళ్లు ఎప్పటి నుంచి నొస్తున్నాయి, పొలం పనికి పోగలరా. తర్వాత లేచి నిలబడమన్నాడు. వంగి కాలి వేళ్లు ముట్టుకోమన్నాడు. గడ్డం ఛాతికి ఆనించమన్నాడు. చేతులు పైకెత్తి మెడ వెనక పెట్టమన్నాడు. ఫ్లోరైడ్ ఎముకల దాకా పోయిందా లేదా అని చూసే పరీక్షలు అవి. మా అమ్మ మూడూ చేయలేకపోయింది. వీధిలో నలుగురు చూస్తుండగా, వచ్చిన సారు అడిగాడు కదా అని మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. నాకు ఈరోజుకీ అదే కళ్లముందు ఉంది. పోయేటప్పుడు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకున్నాడు, దాని మీద మార్కర్‌తో ఏదో నంబరు వేశాడు. అమ్మ ఇచ్చిన సల్ల తాగి "రిపోర్టు పంపిస్తానమ్మా" అన్నాడు.

ఆ రిపోర్టు ఈరోజు జిరాక్స్ షాపులో దొరికింది నాకు. దాంట్లో ఒక పట్టిక ఉంది. ఎస్-1, ఎస్-2, ఎస్-3 అని కిందిదాకా వరుస. ప్రతి దాని పక్కన ఒక అంకె. కొన్ని అంకెలు హద్దు లోపల ఉన్నాయి, కొన్ని చాలా పైన ఉన్నాయి. వాటిలో ఒకటి మా అమ్మ తాగుతున్న నీళ్లు. ఏది? ఎవరి ఇల్లు ఏ నంబరో ఎక్కడా లేదు. పేర్లు అచ్చేయకూడదని నాకూ తెలుసు, మంచిదే. కానీ ఆ ఇంటివాళ్లకైనా చెప్పాలా వద్దా? లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా చూసీచూడనట్టు పోవచ్చు అని మన దేశ ప్రమాణం. అంటే ఆ ఒక్క అంకె తెలిస్తే మా అమ్మ ఆ బోరు నీళ్లు తాగాలా, గిన్నెలు కడగడానికి మాత్రమే వాడాలా అన్నది తేలిపోతుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చింది, నేను కాదనను. పైపు పగిలిన రోజు, మోటారు కాలిన రోజు ఊరంతా మళ్లీ బోరు దగ్గరికే కదా పోయేది.

మా పక్కింటి వదిన ఇప్పటికీ నీళ్లు కాచి తాగితే ఫ్లోరిన్ పోతుందని నమ్ముతోంది. పిల్లలకు కట్టెల పొయ్యి మీద మరిగించి మరీ ఇస్తుంది. మరిగితే నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట ఆ వ్యాసంలో స్పష్టంగా రాశారు, ఇంగ్లీషులో, ఆరో పేజీలో. అదే ముక్క తెలుగులో ఒక కాగితం మీద రాసి మా ఊరి అంగన్‌వాడీ గోడకు అతికించి ఉంటే ఆ పిల్లలకు రెండేళ్లు కలిసొచ్చేవి.

ఆ నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన జిల్లా పేరుంది. నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు తయారు చేశారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ కలిపి గిలకొట్టి తేరనిచ్చి వడగట్టడం. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పద్ధతి. మన జిల్లా పేరు అంత దూరం నడిచింది, మా ఇంటి సీసా ఫలితం మాత్రం మా ఇంటికి రాలేదు. కృష్ణా నది మన జిల్లా అంచునే పారుతుంది, నాగార్జున సాగర్ మన గడ్డ మీదే కట్టారు, అయినా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లు గ్రానైట్ రాళ్ల కింద వందల అడుగుల లోతు నీళ్లు తోడుకుని తాగాయి. అది ఎత్తితే ఈ రాత్రి తెల్లారుతుంది, వదిలేస్తున్నా.

ఎందుకిలా జరుగుతోందో నాకు బాగా తెలుసు, నేనూ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌నే, కామర్స్ చెప్తాను. 2010లో యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ, లెక్చరర్ల పనిని పాయింట్లలో లెక్కగట్టే ఏపీఐ స్కోర్లు తెచ్చింది. పేపర్‌కు ఇన్ని పాయింట్లు, సెమినార్‌కు ఇన్ని పాయింట్లు. పీహెచ్‌డీ ఇవ్వాలంటే ఒక పేపర్ అచ్చయి ఉండాల్సిందేనని రూలు పెట్టారు. ఇక డబ్బు కడితే అచ్చేసే జర్నళ్లు ఊరూరా పుట్టాయి. 2018 మేలో యూజీసీ తాను ఒప్పుకున్న జర్నళ్ల జాబితా నుంచి ఒక్కసారే 4,305 జర్నళ్లను తీసేసింది. తర్వాత మంచి జర్నళ్లంటూ కేర్ లిస్ట్ అని కొత్త జాబితా తెచ్చారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేశారు. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కాదని 2022లోనే మార్చారు. అయినా మేం ఇంటర్వ్యూకు పోయి కూర్చుంటే మొదటి ప్రశ్న "ఎన్ని పేపర్లున్నాయమ్మా?" ఆ పేపర్లలో ఏముంది అని నన్ను ఒక్కరూ అడగలేదు. పన్నెండేళ్లలో ఒక్కరూ.

అన్ని సబ్జెక్టులు ఒకే సంచికలో వేయడం తప్పని నేననను. నిజానికి ఆ వేర్వేరు సంగతులు మా ఊళ్లో ఒకే ఇంట్లో కలిసే ఉన్నాయి. మా బడిలో ఆడపిల్లలం నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం, పళ్ల మీద గోధుమ రంగు గార కనబడకుండా. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల గుర్తు అది, ఎంత తోమినా పోదు. ఇప్పటికీ క్లాసులో నవ్వొస్తే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ ఊరికి పిల్లనియ్యొద్దు అని పక్క మండలాల వాళ్లు అనుకోవడం మా పెద్దలు చెవులారా విన్నారు. ఇది సామాజిక ప్రవర్తన కాదా? మా ఊరి కిరాణా దుకాణంలో ఇప్పుడు ఉప్పు పప్పు కంటే ఎక్కువ అమ్ముడుపోయేది ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. ఇది వ్యాపారం కాదా? ఫ్లోరైడ్ రాసినాయన కిరాణా రాసినామెతో ఒక్కసారి మాట్లాడి ఉంటే ఎంత గొప్ప పని అయ్యేది. ఇద్దరి పేర్లూ ఒకే అట్ట మధ్య ఉన్నాయి, ఒకరిది ఒకరు చదివి ఉండరు.

చండూరులో నా స్టూడెంట్ ఒకమ్మాయి ఉంది, నేత ఇంటి పిల్ల. వాళ్లింటికీ సర్వేలవాళ్లు వస్తారట. నాన్న మగ్గం దిగి గంటసేపు జవాబులు చెప్తాడట. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. ఆ గంటకు ఎవరూ ఏమీ ఇవ్వరు, చివరికి ఏం తేలిందో కూడా చెప్పరు. నాకు ఇక్కడ చింతకింది మల్లేశం గుర్తొస్తాడు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. బడి మధ్యలో ఆపేసిన మనిషి. వాళ్లమ్మ ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ, భుజం పడిపోతుంటే చూడలేకపోయాడు. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి ఆ పనిలో. 1992లో మొదలుపెట్టి, అందరూ పిచ్చోడంటున్నా ఆగకుండా, 1999కి యంత్రం పూర్తి చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏ అమ్మ నొప్పి చూసి మొదలుపెట్టాడో ఆ అమ్మ దగ్గరికే జవాబు పట్టుకుపోయాడు. నాకు పరిశోధన అంటే అదే. మా అమ్మ నొప్పి కూడా ఒకాయన చూశాడు, కొలిచాడు, రాసుకున్నాడు. తిరిగి రాలేదు.

ఆ ఉర్దూ వ్యాసం చూశాక ఇంకో పాత మంట లేచింది, అదీ చెప్పేస్తా. పోయినేడు పాలమూరులో ఒక కాలేజీలో సెమినార్. నాతోపాటు ఒక పెద్ద ఉర్దూ లెక్చరర్ వచ్చారు, రిటైర్మెంట్‌కు దగ్గరున్న మనిషి. తెలంగాణ ఊళ్ల భూమి లెక్కల్లో ఉర్దూ మాటల మీద రాసుకొచ్చారు. రైతు, హక్కు, కౌలు, బాకీ, వసూలు, దరఖాస్తు, నకలు, ఫైసలా, మంజూరు. మనం రోజూ అనే మాటలే, ఒక్కొక్కటి ఎక్కడినుంచి ఎట్లా మన నోట్లోకి వచ్చిందో రాసుకొచ్చారు. ఆయన్ని అన్నిటికంటే చివర, భోజనాల తర్వాత పెట్టారు. హాల్లో పదిమందిమి మిగిలాం. స్టేజీ మీదున్నాయన గడియారం చూసి "సాబ్, రెండు నిమిషాల్లో ముగించండి, ఉర్దూ ఇక్కడ ఎవరికీ అర్థం కాదు" అన్నాడు. ఆయన రాసుకొచ్చింది తెలుగులో. ఎవరూ చూడలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని "షుక్రియా" అని దిగిపోయారు.

నేను ఏడ్చాను ఆ రోజు, బస్సులో. ఎందుకంటే మా నాన్న భూమి తగాదాలో పడ్డప్పుడు మమ్మల్ని ఒడ్డున వేసింది అట్లాంటి మనిషే. నిజాం కాలం నాటి సేత్వార్, అంటే భూమి రికార్డు, నకలు చేతిలో ఉంది, అంతా ఉర్దూ. ఆఫీసులో చదివేవాళ్లు లేరు. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని లతీఫ్ సాహెబ్ గుట్ట కిందున్న ఒక ముసలి ఉర్దూ పంతులు దగ్గరికి పోయాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మా తాత పేరు దగ్గర వేలు పెట్టి, ఒక్కో గడి చదివి చెప్పాడు. పైసా తీసుకోలేదు. మా బోరు ఉన్నది ఆ భూమిలోనే. 1918లో మొదలైన ఉస్మానియాలో వైద్యం, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు, అందుకోసం ముందే అనువాదాల శాఖ పెట్టుకుని పుస్తకాలు తయారు చేసుకున్నారు. 1950లలో హుజూర్‌నగర్ జనం ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను ఓట్లేసి అసెంబ్లీకి పంపారు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. ఇన్ని జరిగిన గడ్డ మీద ఉర్దూ ఎవరికీ అర్థం కాదని మైకులో అనడానికి నోరెట్లా వచ్చింది?

ఉర్దూ పండితుడిని తెలుగులో చదవనియ్యరు, తెలుగు ఊరి నీళ్ల సంగతి తెలుగులో రాయరు. రెండూ నాకు ఒకే గాయం.

షాపులోనే ఆ పట్టిక ఫొటో తీసుకున్నాను. వ్యాసం కింద ఫోన్ నంబరుంటే చేశాను. మర్యాదగానే మాట్లాడాడు ఆయన, ఇప్పుడు వేరే జిల్లాలో ఉద్యోగం వచ్చిందట. మా ఊరి పేరు చెప్పాను, అరుగు చెప్పాను, సల్ల చెప్పాను. గుర్తొచ్చింది. "ఏ నంబరు ఏ ఇల్లో రాసుకున్న లిస్టు పాత ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది మేడం, చూస్తాను" అన్నాడు. ఎప్పుడు చూస్తారు సార్ అంటే వీలు చూసుకుని అన్నాడు.

నల్లగొండ, పాలమూరు వైపు సర్వేలకు పోయే స్కాలర్లు నా ఫ్రెండ్స్ లిస్టులో చాలామంది ఉన్నారు. మీరు సీసా పట్టుకుపోయిన ప్రతి ఇంటికీ ఒక చీటీ రాయండి. మీ బోరులో ఇంత ఉంది, తాగొచ్చు, లేదా తాగొద్దు. తెలుగు చదివే ఇంటికి తెలుగులో, ఉర్దూ చదివే ఇంటికి ఉర్దూలో. గైడ్లుగా ఉన్న పెద్దలు ఆ చీటీలు ఇచ్చారా అని అడిగాకే థీసిస్ మీద సంతకం పెట్టండి.

ఇది రాస్తుండగానే అమ్మ ఫోన్ చేసింది. జిరాక్స్ షాపు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. "అచ్చులో పడ్డదా బిడ్డా? మంచిగైంది. మరి మన నీళ్లు మంచియేనటనా?" అని అడిగింది. రేపు చెప్తానమ్మా అన్నాను. పొద్దున్నే ఆయనకు మళ్లీ ఫోన్ చేస్తాను.